రొమ్ము తీసేశాక: ఇంప్లాంటా, సొంత కండా, అలాగే వదిలేయడమా?

రొమ్ము మొత్తం తీసేయాలని డాక్టర్ చెప్పిన రోజే, చాలాసార్లు అదే కుర్చీలో కూర్చుని ఉండగానే, ఇంకో ప్రశ్న వస్తుంది: "మళ్లీ రొమ్ము తయారు చేయించుకుంటారా?" మొదటి మాటే ఇంకా బుర్రకెక్కలేదు, రెండోదానికి ఏం జవాబు చెబుతాం? మా అక్క "మీరెలా అంటే అలాగేనండీ" అనేసింది. ఇంటికొచ్చాక నాలుగు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక నోట్‌బుక్‌లో గీతలు గీసుకుని, తెలిసినవి, అడిగినవి, చదివినవి పక్కపక్కన రాసుకున్నాం. ఆ పేజీలనే కాస్త సరిచేసి ఇక్కడ పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. మీ ఒంటికి ఏది కుదురుతుందో చెప్పాల్సింది మీ క్యాన్సర్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్ కలిసి. వాళ్ల ముందు కూర్చునేసరికి మీకు ఏం తెలిసి ఉంటే మంచిదో అంతవరకే నా మాట.

ముందు రెండు భయాలు పక్కన పెడదాం. రొమ్ము తిరిగి తయారు చేయించుకున్నంత మాత్రాన క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరగదు. రెండోది, ఇది ఈ వారమే తేల్చాల్సిన సంగతి కాదు. రొమ్ము తీసే ఆపరేషన్‌లోనే చేయించుకోవచ్చు, రెండేళ్ల తర్వాత చేయించుకోవచ్చు, పదేళ్ల తర్వాత కూడా చేయించుకోవచ్చు. అసలు చేయించుకోకపోవచ్చు. తొందర క్యాన్సర్ చికిత్సకే గానీ దీనికి కాదు.

మాకు చివరికి అర్థమైంది ఏమిటంటే, ఇక్కడ ఏ దారిలోనూ కష్టం లేకుండా పోదు. అది ఎప్పుడు, ఎలా వస్తుందన్నదే తేడా. సొంత కండతో, అంటే ఒంట్లో ఇంకో చోటి చర్మం, కొవ్వు తెచ్చి, చేయించుకుంటే కష్టమంతా మొదట్లో ఒకేసారి పడాలి. ఇంప్లాంట్, అంటే లోపల పెట్టే సిలికాన్ సంచి లాంటిది, అయితే మొదట తేలిక, తర్వాత ఏళ్ల తరబడి విడతలవారీగా దాని బాగోగులు చూసుకోవాలి. వదిలేస్తే ఆపరేషన్ కష్టం తక్కువ, రోజూ బట్టలు వేసుకునేటప్పుడు సర్దుబాటు ఉంటుంది.

ముందు తేలాల్సింది రేడియేషన్ సంగతి

మేం మొదట ఇంప్లాంటా, పొట్ట కండా అని వాదించుకుంటూ వారం పోగొట్టుకున్నాం. అసలు ముందు అడగాల్సింది "ఆపరేషన్ తర్వాత నాకు రేడియేషన్ ఉంటుందా?" అని. దీని జవాబుతో మిగతా లెక్కలు సగం మారిపోతాయి.

రేడియేషన్ తగిలిన చర్మం బిగుసుకుంటుంది, సాగే గుణం తగ్గుతుంది, గాయం మానడం నెమ్మదిస్తుంది. ఆ చర్మం కింద ఇంప్లాంట్ ఉంటే దాని చుట్టూ ఏర్పడే పొర గట్టిపడి రొమ్మును పిండేసినట్టు చేసే ప్రమాదం, ఇన్ఫెక్షన్ వచ్చి ఇంప్లాంట్ తీసేయాల్సి రావడం, రెండూ పెరుగుతాయి. కడుపు దగ్గర నుంచి తెచ్చిన కండ అయితే తనతో పాటు కొత్త రక్తప్రసరణను, రేడియేషన్ తగలని చర్మాన్ని తీసుకొస్తుంది. అందుకే రేడియేషన్ అయిపోయిన ఛాతీ మీద చాలామంది సర్జన్లు సొంత కండ వైపే మొగ్గుతారు. రేడియేషన్ పూర్తయ్యాక కనీసం ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది ఆగమంటారు.

చిక్కేమిటంటే, రేడియేషన్ అవసరమో కాదో కొందరికి గడ్డ, చంకలోని గ్రంథులు తీసి పరీక్షించాకే తేలుతుంది. అలాంటప్పుడు మధ్యేమార్గం ఒకటుంది. రొమ్ము తీసేటప్పుడే ఎక్స్‌పాండర్ అనే బెలూన్ లాంటిది పెట్టి, చర్మం ముడుచుకుపోకుండా ఆ చోటు కాపాడి ఉంచుతారు. రిపోర్టు వచ్చాక మిగతాది ఆలోచిస్తారు.

రొమ్మంతా ఎర్రబడి వాచే రకం క్యాన్సర్ ఉంటుంది, ఇన్‌ఫ్లమేటరీ అంటారు. దానికి మాత్రం వెంటనే చేయించుకోవడం సాధారణంగా వద్దంటారు. చికిత్స అంతా అయ్యాకే.

ఇంప్లాంట్: మొదట తేలిక, తర్వాత నిఘా

బయట సిలికాన్ తొడుగు, లోపల సిలికాన్ జెల్ గానీ ఉప్పునీళ్లు గానీ. జెల్ ఉన్నది తాకితే మెత్తగా, కాస్త సహజంగా ఉంటుంది. ఉప్పునీళ్లది చిరిగితే రొమ్ము చప్పబడి వెంటనే తెలిసిపోతుంది, ఆ నీళ్లను శరీరమే పీల్చేసుకుంటుంది. జెల్‌ది లోపల చిరిగినా బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే అమెరికాలో మందులు, వైద్య పరికరాల సంగతి చూసే ఎఫ్‌డీఏ, ఏ ఇబ్బందీ లేకపోయినా 5-6 ఏళ్లకు మొదటిసారి, ఆ తర్వాత ప్రతి 2-3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీయించుకోమంటుంది. ఈ మాట ఆపరేషన్‌కి ముందే విని ఒప్పుకోవాలి. ఆసుపత్రి అంటేనే పడని మనిషికి ఇది చిన్న విషయం కాదు.

చర్మం సరిపడా మిగిలితే, రొమ్ము మరీ పెద్దది కాకపోతే, ఇంప్లాంట్‌ను నేరుగా ఒకేసారి పెట్టేస్తారు. లేకపోతే రెండు విడతలు. మొదట ఎక్స్‌పాండర్ పెడతారు. గాయం కాస్త మానాక వారానికో, రెండు వారాలకో ఒకసారి వెళ్తే సూదితో అందులోకి ఉప్పునీళ్లు ఎక్కిస్తారు. చర్మం కొద్దికొద్దిగా సాగుతుంది. నీళ్లు ఎక్కించిన రోజూ మర్నాడూ ఛాతీ బిగదీసినట్టు ఉంటుందని చాలామంది చెబుతారు. కొన్ని నెలలకు, కావలసిన సైజు వచ్చాక, ఇంకో చిన్న ఆపరేషన్‌లో అది తీసి అసలు ఇంప్లాంట్ పెడతారు. ఎన్నిసార్లు వెళ్లాలి, వెంట ఎవరు వస్తారు అని అప్పుడే లెక్కేసుకోండి.

కండరం కిందా, పైనా అన్న ప్రశ్న కూడా వస్తుంది. కింద పెడితే పైన మందమైన కప్పు ఉంటుంది, అంచులు కనబడవు. కానీ చేతులతో దేన్నైనా గట్టిగా నెట్టినప్పుడు కండరం బిగుసుకుని రొమ్ము ఎగిరిపడినట్టు కదులుతుంది. పైన పెడితే ఆ కదలిక ఉండదు, నొప్పీ తక్కువ. కాకపోతే చర్మం పలచగా ఉన్నవాళ్లకు ముడతలు పైకి తెలుస్తాయి.

లాభాలు చెప్పుకోదగ్గవే. ఒంట్లో ఇంకో చోట కోత ఉండదు. ఆపరేషన్‌కు పట్టే అదనపు సమయం ఎక్కువ కాదు, ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు చాలు. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు, ఎక్కువ రోజులు సెలవు దొరకనివాళ్లకు ఇదే పెద్ద కారణం. ఒంట్లో తీయడానికి కొవ్వే లేని సన్నటి మనిషికీ ఇదే దారి. రెండు వైపులా తీసేసినవాళ్లకు రెండూ ఒకే తీరుగా వస్తాయి. ఒకవైపే పెట్టించుకుంటే మాత్రం ఇంప్లాంట్ పెట్టిన చోటే ఉంటుంది, వయసుతో రెండోది జారుతుంది. తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. నలభై ఏళ్లకు పెట్టించుకున్నవాళ్లు జీవితంలో ఇంకో ఆపరేషన్ ఉంటుందనే అనుకోవాలి.

గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్ల గురించి ఒక మాట. వాటి చుట్టూ ఏర్పడే పొరలో, చాలా అరుదుగా, ఒక రకం లింఫోమా వస్తుందని తేలింది. అది రొమ్ము క్యాన్సర్ కాదు, రోగనిరోధక కణాలకు వచ్చే జబ్బు. ఈ కారణంగానే 2019 జులైలో ఎఫ్‌డీఏ కోరిక మీద అలర్గన్ కంపెనీ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను వెనక్కి తీసుకుంది. ముందే పెట్టించుకుని ఏ ఇబ్బందీ లేనివాళ్లను తీయించుకోమని మాత్రం ఎఫ్‌డీఏ చెప్పలేదు. ఇప్పుడు పెట్టించుకునేవాళ్లు "నున్నటిదా, గరుకుదా?" అని తప్పక అడగండి. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబర్ ఉన్న కార్డు ఇస్తారు, ఇల్లు మారినా ఆ కార్డు పారేయొద్దు. ఏళ్ల తర్వాత ఒకవైపు ఉన్నట్టుండి వాస్తే సర్దుకుంటుందిలే అని ఊరుకోకూడదు. తొందరగా పట్టుకుంటే ఇంప్లాంట్‌ను, చుట్టూ ఉన్న పొరను తీసేస్తే చాలావరకు నయమవుతుంది.

సొంత కండ: ఒకేసారి పెద్ద కష్టం

ఇది వినగానే చాలామంది "పొట్ట కూడా తగ్గుతుందటగా!" అంటారు. మా ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా అదేదో అదృష్టంలా మాట్లాడారు. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత, వారాల తరబడి వంగి నడవడం, మొద్దుబారిన పొట్ట. ఆ మాటను పలకరింపుగా తీసుకుని వదిలేయడం మంచిది.

పద్ధతి ఇదీ. బొడ్డు కింద నుంచి చర్మం, కొవ్వు తీసి ఛాతీ మీద రొమ్ములా మలుస్తారు. పాతకాలపు ట్రామ్ పద్ధతిలో వాటితో పాటు పొట్ట కండరాన్ని కూడా తీసేవారు. 1980లలో అదే రాజ్యమేలింది. కండరం పోయిన చోట పొట్ట ఉబ్బడం, హెర్నియా రావడం దాని లోటు. ఇప్పుడు అనుభవమున్న చోట్ల ఎక్కువగా చేసేది డీఐఈపీ, వాడుకలో డీప్ ఫ్లాప్. ఇందులో కండరాన్ని ఉన్నచోటే ఉంచి, దాని మధ్య నుంచి వచ్చే సన్నటి రక్తనాళాలను మాత్రం ఏరి తీస్తారు. ఏ నాళం ఎక్కడుందో ముందే సీటీ యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్, తీసి చూసుకుంటారు. తర్వాత మైక్రోస్కోప్ కింద ఆ నాళాలను ఛాతీలోని నాళాలకు కలిపి కుడతారు. అందుకే ఒక వైపుకే 6 నుంచి 8 గంటలు పట్టవచ్చు. ఈ కుట్టుపని అందరు ప్లాస్టిక్ సర్జన్లూ చేయరు. మీ ఆసుపత్రిలో ఈ పద్ధతి మాట ఎత్తకపోతే అది మీకు కుదరదని కాకపోవచ్చు, అక్కడ చేసేవాళ్లు లేకపోవచ్చు.

మొదటి ఒకటి రెండు రోజులు కీలకం. దాదాపు గంటకోసారి నర్సు వచ్చి తెచ్చిన కండ రంగు, వెచ్చదనం చూస్తుంది, చిన్న యంత్రంతో రక్తం పారే చప్పుడు వింటుంది. నాళంలో రక్తం గడ్డకడితే వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి సరిచేయాలి. నిద్ర ఉండదు, రోగికీ, పక్కన ఉన్నవాళ్లకూ. తెచ్చిన కండ పూర్తిగా చచ్చిపోవడం చేయి తిరిగిన బృందం దగ్గర అరుదే, వందలో ఒకరిద్దరికి. కానీ ఆ ఒకరిద్దరికి అది మామూలు దెబ్బ కాదు, అంత ఆపరేషనూ వృథా. ఆసుపత్రిలో మూడు నుంచి ఐదు రోజులు, ఇంట్లో ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులెత్తకూడదు. డ్రెయిన్ గొట్టాలు ఛాతీకీ ఉంటాయి, పొట్టకీ ఉంటాయి. రోజూ వాటిలో ఎంత నీరు దిగిందో కొలిచి రాయాలి.

ఆ గండం గడిచాక వచ్చే ఫలితం మాత్రం వేరు. వెచ్చగా, మెత్తగా, మన ఒంట్లో భాగంగానే ఉంటుంది. మనం లావైతే అదీ పెరుగుతుంది, చిక్కితే తగ్గుతుంది, వయసుతో రెండోదానిలాగే జారుతుంది. చిరుగుతుందన్న భయం లేదు, మార్చే పని లేదు. అమెరికా, కెనడాల్లో 11 ఆసుపత్రుల రోగులను రెండేళ్లు గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2018లో వచ్చింది. అందులో సొంత కండతో చేయించుకున్నవాళ్లు తమ రొమ్ము విషయంలో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. అదే అధ్యయనంలో ఇంకో లెక్క కూడా ఉంది, దాన్నీ దాచకుండా చెప్పాలి. ఏ పద్ధతైనా కలిపి చూస్తే మూడో వంతు మందికి రెండేళ్లలో ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, సుమారు ఐదుగురిలో ఒకరికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. మొత్తం మీద ఇబ్బందులు సొంత కండవాళ్లకు ఎక్కువ. చేసిందంతా తీసేయాల్సి రావడం ఇంప్లాంట్‌వాళ్లకు ఎక్కువ.

అందరికీ పొట్ట కుదరదు. ఇదివరకు పొట్ట తగ్గించే ఆపరేషన్, అంటే టమ్మీ టక్, చేయించుకున్నవాళ్లకు ఇక అక్కడి నుంచి తీయలేరు. సిజేరియన్ మాత్రం సాధారణంగా అడ్డు కాదు, ఈ భయంతో వెనక్కి తగ్గినవాళ్లుంటే ఒకసారి అడిగి చూడండి. ఇంకో సంగతి చాలామందికి తోచదు: పొట్ట ఒక్కసారే పనికొస్తుంది. ఒక వైపుకు వాడేశాక, పదేళ్లకు రెండో రొమ్ము తీయాల్సి వస్తే పొట్ట ఉండదు. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యు మార్పు ఉన్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇంప్లాంట్‌కు ఈ చిక్కు లేదు. అది ముందు పెట్టించుకుని, సరిపడకపోతే తర్వాత పొట్ట కండకు మారవచ్చు.

సన్నగా ఉన్నవాళ్లకు తొడ లోపలి వైపు నుంచి, పిరుదుల నుంచి తీస్తారు, చిన్న రొమ్ముకు సరిపోతుంది. వీపు కండరాన్ని చంక కిందుగా ముందుకు తిప్పే పద్ధతి ఇంకోటి. దాని రక్తనాళం తెగకుండానే వస్తుంది గనుక నమ్మకమైనది. మిగతావి విఫలమైనప్పుడు ఆదుకునేది తరచుగా ఇదే. కానీ అక్కడ కొవ్వు తక్కువ కాబట్టి చాలామందికి కింద ఇంప్లాంట్ కూడా పెట్టాలి, వీపు గాయంలో నీరు చేరడం మామూలే. భుజం బలం కూడా కొంత తగ్గుతుంది. ఎక్కువగా ఈత కొట్టేవాళ్లు, చేతులు పైకెత్తి పనిచేసేవాళ్లు ఈ మాట డాక్టర్‌తో చెప్పాలి.

రెండిట్లోనూ రానిది స్పర్శ

ఆకారం తిరిగొస్తుంది గానీ స్పర్శ చాలావరకు రాదు. రొమ్ము తీసేటప్పుడే నరాలు తెగిపోతాయి. కొన్నిచోట్ల సొంత కండతో పాటు నరాన్ని కూడా కలుపుతున్నారు, దానివల్ల కొంత వస్తుంది, మునుపటిలా కాదు. ఇది ముందే చెప్పకపోతే అద్దంలో బాగానే కనిపించే రొమ్ము తనది కానట్టు అనిపించి మనసు కుంగుతుంది. ఇంకో ముప్పు కూడా ఉంది. మొద్దుబారిన చోట వేడినీళ్ల సంచి పెట్టుకుంటే కాలినా తెలియదు. ఛాతీ మీదా, పొట్ట మీదా కాపడాలు వద్దు.

చనుమొన సంగతి చివర్లో చూసుకోవచ్చు. రొమ్ము కుదురుకున్నాక అక్కడి చర్మంతోనే చిన్నగా లేపుతారు, లేదా పచ్చబొట్టు పద్ధతిలో నీడలు అద్ది మొన ఉన్నట్టే కనిపించేలా చేస్తారు. నాకైతే రెండోదే నయమనిపించింది, ఇంకో కోత ఉండదు.

ఏదీ వద్దనుకుంటే

దీన్ని చాలా ఆసుపత్రుల్లో "ఏమీ చేయించుకోలేదు" అని రాసి వదిలేస్తారు. నాకు నచ్చదు. చదునుగా ఉంచుకోవడం కూడా ఎంచుకునే పద్ధతే. ఛాతీ నున్నగా, ముడతలు, వేలాడే చర్మం లేకుండా కుట్టడం కూడా ఒక నేర్పు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2020లో ఈ పద్ధతికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి తన వైద్య పదకోశంలో చేర్చింది.

కావాలనుకుంటే దీన్ని సర్జన్‌కు ముందే, స్పష్టంగా చెప్పాలి. లేకపోతే "తర్వాత మనసు మారుతుందేమో" అని అదనపు చర్మం వదిలేసేవాళ్లున్నారు. చంక వైపు చర్మం మడత మిగిలితే బ్రా పట్టీ కింద ఒరుసుకుని రోజూ చికాకు. "చదునుగా కుట్టిన మీ పాత కేసుల ఫోటోలు చూపించండి" అని అడగడంలో తప్పు లేదు.

బయటికి ఆకారం కావాలంటే బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ము ఉంది. గాయం మానేదాకా దూదితో చేసిన తేలికపాటిది, తర్వాత సిలికాన్‌ది. సిలికాన్‌ది బరువుగా ఉండటం లోపం కాదు. పెద్ద రొమ్ములున్నవాళ్లకు ఒక వైపు బరువు తగ్గిపోతే భుజం, మెడ లాగుతాయి, ఆ తూకం కోసమే ఆ బరువు. జేబు కుట్టిన ప్రత్యేక బ్రా ఉంటే జారదు. వేడికి చెమట పడుతుంది, కొన్నేళ్లకోసారి మార్చాలి. మరీ తేడాగా ఉంటే రెండో రొమ్మును తగ్గించుకునే ఆపరేషన్ కూడా ఉంది.

మన ఒంటి లెక్కలు

సిగరెట్ తాగేవాళ్లు ఏ పద్ధతికైనా కనీసం నాలుగు వారాల ముందు మానాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. నికోటిన్ ప్యాచ్, గమ్ కూడా అంతే, వాటిని డాక్టర్ దగ్గర దాచొద్దు. షుగర్ అదుపులో లేకపోతే, బరువు బాగా ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్లు, గాయం విచ్చుకోవడం పెరుగుతాయి. రొమ్ము క్యాన్సర్‌కు వాడే హార్మోన్ మాత్ర టామోక్సిఫెన్ రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుంది కాబట్టి రక్తనాళాలు కలిపే ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు ఆపమని కొందరు సర్జన్లు అంటారు. ఎప్పుడు ఆపాలో క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా సొంతంగా ఆపేయొద్దు. వయసు ఒక్కటే అడ్డు కాదు. డెబ్బై ఏళ్ల ఆరోగ్యవంతురాలికి కుదిరేది, గుండె జబ్బున్న యాభై ఏళ్లావిడకు కుదరకపోవచ్చు.

కీమో ఆలస్యమవుతుందేమోనన్న ప్రశ్నకు జవాబు: అన్నీ సవ్యంగా ఉంటే సాధారణంగా కాదు, గాయం మానకపోతే అవ్వచ్చు. వెంటనే కీమో తప్పనిసరైనవాళ్లు తేలికపాటి ఆపరేషన్‌తో మొదలుపెట్టడానికి ఇదే కారణం.

నేనైతే ఇలా చూస్తాను

రేడియేషన్ లేదు, రెండు వైపులా తీస్తున్నారు, సన్నటి మనిషి, త్వరగా పనిలోకి వెళ్లాలి: ఇంప్లాంట్. రేడియేషన్ అయిపోయింది, పొట్టలో కొవ్వుంది, రెండు నెలలు చూసుకునే మనుషులున్నారు, ఒకసారి పడి వదిలించుకోవాలనుకునే స్వభావం: డీప్ ఫ్లాప్, అది కూడా నాళాలు కలిపే పని తరచూ చేసే చోటే. ఇంకో ఆపరేషన్ మాటే వినలేనంత అలసట: చదునుగా కుట్టించుకుని ఊపిరి పీల్చుకోవడం. రేడియేషన్ తప్పదు, ఏదీ తేలడం లేదు: ఆగడం. ఆగితే అదనంగా ఒక ఆపరేషన్, ఒక మత్తు పడతాయి, రొమ్ము చర్మం కూడా మిగలదు. అయినా భయంలో తీసుకున్న నిర్ణయం కన్నా అదే మేలని నా అభిప్రాయం.

భర్తలు, అక్కలు, అత్తలు అందరూ ఏదో ఒకటి చెబుతారు. నేనూ చెప్పాను. నా ఓటు పొట్ట కండకు పడింది. అక్కకు రేడియేషన్ ఉందని తేలాక ఆగడమే అనుకుంది. రేడియేషన్ ముగిసి ఏడాది దాటింది. ప్లాస్టిక్ సర్జన్ రమ్మన్న తేదీ నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టాను. మొన్న వెళ్దామా అని అడిగితే, సిలికాన్‌ది బ్రా జేబులోకి సర్దుకుంటూ "చలికాలం పోనివ్వవే, చూద్దాం" అంది.